ఒక శాస్త్రమున కందని చెరువు

వరంగల్లు నుండి ఖమ్మము పోవు రహదారిమీద వర్ధన్నపేట, రాయపర్తి దాటిన పిమ్మట తొర్రూరు వచ్చును. బస్సు కిటికీలోనుండి చూచువారికి ఆ దారి పొడవున రెండే దృశ్యములు మాటిమాటికి కనబడుచుండును. ఒకటి ఎఱ్ఱని చెల్కలలోని పత్తిచేలు. రెండవది వాని నడుమ పల్లమున అడ్డముగా పండుకొనియున్న ఏదో ఒక చెరువుకట్ట. కట్టమీద తాటిచెట్లు, ఒక చివర మత్తడి, క్రింద పచ్చని పొలము. వేసవిలో నైనచో ఆ పచ్చదనము కూడ నుండదు; నెఱ్ఱెలు వారిన నల్లని శిఖము మాత్రము మిగులును.

వ్యవసాయ ప్రసంగములకై విషయసేకరణ చేయుటకు ఒక వేసవిలో మేము ఆ ప్రాంతమునకు పోయి, అట్టి కట్ట నొకదానిని ఎక్కితిమి. ఈ చెరువు ఎప్పటిదని అక్కడనున్న ఒక వృద్ధ కృషీవలుని అడిగితిమి. కాకతీయుల నాటిదని ఆయన తడుముకొనకుండ చెప్పెను. ఓరుగల్లు సీమలో ఏ చెరువు నడిగినను వచ్చు సమాధాన మదియే. అన్ని చెరువులును వారివి కావని మనకు తెలియును గాని, ఆ మాటలోని అభిమానమును కాదనలేము. పిమ్మట ఆయనయే మమ్ము నొక ప్రశ్న అడిగెను. కొన్నేండ్ల క్రిందట ప్రభుత్వమువారు ఈ చెరువు పూడిక తీయించిరట; ఆ మట్టిని తాను తన చెల్కలో పోసికొనెనట; రెండు మూడు పంటలు బాగుగ వచ్చినవట. ఇప్పుడు చెరువు మరల పూడుచున్నది. ఈసారి తీయువారెవరు? ఇదియే ఆయన ప్రశ్న. మాకు సమాధానము తోచలేదు. కట్ట దిగి వచ్చితిమి. ఈ ప్రసంగము ఆ ప్రశ్న వెంటబడి పోయినప్పుడు మాకు దొరకిన సంగతుల కూర్పు.

1987లో ఐక్యరాజ్యసమితి నియమించిన ఒక సంఘము, నార్వే ప్రధానియైన బ్రంట్లండ్ అధ్యక్షతన, ఒక నివేదికను వెలువరించెను. నేటివారి అవసరములు తీరవలెను, రేపటివారి అవసరములకు భంగము రాకూడదు: ఇట్టి అభివృద్ధికి ఆ నివేదిక ప్రచారమిచ్చిన పేరును మనవారు సుస్థిరాభివృద్ధి యని తెనిగించికొన్నారు. నాటినుండి విశ్వవిద్యాలయములలో ఒక క్రొత్త రీతి బయలుదేరినది. భూసారమును చదివినవాడు, శాసనములను చదివినవాడు, నీటి నడకను చదివినవాడు, పల్లెవారి కట్టుబాట్లను చదివినవాడు ఒక బల్లచుట్టు కూర్చుండి ఒకే వస్తువును పరిశీలింపవలెననుట ఆ రీతి. చెప్పుటకు సులభముగనే యున్నది. కాని తర్కముతో కాక ఒక వస్తువుతో దీనిని పరీక్షింపదలచినచో, మన తెలంగాణపు చెరువును మించిన వస్తువు లేదని మా అభిప్రాయము. ఏలయనగా ఈ చెరువును ఒక్కొక్క శాస్త్రము ఒక్కొక్క తెరగున చూచి, తనకు కనబడినంతవరకే చెప్పి ఊరకున్నది.

మొదట చూచినవారు శాసన పరిశోధకులు. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు గారి స్మారకముగ హైదరాబాదులో వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి, 1935లో తెలంగాణా శాసనముల మొదటి సంపుటమును ప్రకటించెను. నిజాము రాజ్యమున తెలుగు పుస్తకమే అరుదైన దినములలో, ఊరూరు తిరిగి రాళ్ళకు నకళ్ళు తీసిన వారి శ్రమ సామాన్యమైనది కాదు. 1940లో పి. శ్రీనివాసాచార్యుల సంపాదకత్వమున హైదరాబాదు పురావస్తు శాఖవారి శాసన సంపుటము వెలువడెను. 1978లో పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు కాకతీయ చరిత్రను సమగ్రముగ రచించిరి. వీరి కృషివలన చెరువులకు పేర్లు, తేదీలు, కర్తలు లభించిరి. గణపతిదేవ చక్రవర్తి సేనానియైన రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడిని ప్రతిష్ఠించినట్లును, ఆ ప్రక్కనున్న చెరువు అతని కాలపుదే యనియు మన మెరుగుదుము. పాకాల చెరువును జగదాళ ముమ్మడి త్రవ్వించెను. తొర్రూరు 2016 నుండి మహబూబాబాదు జిల్లాలో చేరినది గదా. అదే జిల్లాలోని బయ్యారమున గణపతిదేవుని సోదరి మైలాంబ ధర్మకీర్తి సముద్రమను చెరువును కట్టించి, దాని శాసనమున కాకతీయుల వంశక్రమమును చెక్కించెను. కాకతీయుల పూర్వులెవరో చెప్పుటకు చరిత్రకారులు నేటికిని ఆశ్రయించు ఆధారములలో అది ముఖ్యమైనది. ఒక రాజవంశపు పుట్టుపూర్వోత్తరములు కోట గోడమీద కాక చెరువుగట్టున దొరకుట మనము గమనింపదగిన విశేషము.

సప్తసంతానములలో తటాకమొకటి. కావున కట్టించినవాడు తన పేరును, తన పుణ్యమును రాతిమీద నిలుపుకొనుట సహజము. కాని ఏటేట కట్టమీద తుమ్మమొలకలు పెరికినవాడు, తూము బెజ్జములో మునిగి చెత్త తీసినవాడు, మత్తడిరాయి కదలినప్పుడు దానిని మరల కూర్చినవాడు శాసనము వేయించుకొనలేదు. శాసనములలో నిర్మాణ మున్నంత నిర్వహణ లేదు. అయినను ఒక మాట దొరకుచున్నది: దశబంధము. చెరువును త్రవ్వించినవానికి, లేక దానిని బాగుచేసి కాపాడువానికి, దాని క్రింది భూమిలోగాని ఫలములోగాని పదవవంతు చెందునట్లు చేయు ఏర్పాటును ఈ పేరుతో పిలిచెడివారు. పుణ్యముతోపాటు పంటలో పాలుకూడ ఉండెనన్నమాట. మాకు తోచినంతవరకు, కాకతీయుల చెరువుల రహస్యమేదైన నున్నచో అది కట్ట రాతిలోకంటె ఈ పదవవంతులోనే ఎక్కువగ నున్నది.

ఈ శాసనములనే మరియొక విధమున చదివినది అమెరికాదేశపు చరిత్రకారిణి సింథియా టాల్బట్. 2001లో అచ్చయిన ఆమె గ్రంథము 1175 మొదలు 1325 వరకు గల ఆంధ్రదేశపు శాసనములను ఒక్కొక్కటిగ గాక రాశిగ పోసి లెక్కించినది. ఏ యే ప్రాంతమున, ఏ దశాబ్దమున, ఏ తరగతివారు దానములు చేసిరో పటములలో గుర్తించి చూచినప్పుడు, కోస్తాలో అప్పటికే వ్యవసాయము స్థిరపడియుండగ, లోనాటి మెట్టసీమలలో క్రొత్త గుడులు, క్రొత్త చెరువులు, క్రొత్త సాగు కలసి విస్తరించినట్లు తేలినది. అనగా మన చెరువు ఒంటరి కట్టడము కాదు; అడవి పొలముగ మారిన ఒక పెద్ద కదలికలో అది యొక భాగము.

ఇక శాస్త్రములు వేరువేరుగ చెరువును చూచుట ఆధునికుల అలవాటే కాని ప్రాచీనుల అలవాటు కాదనుటకు ఒక చక్కని నిదర్శనము కలదు. అది మన సీమది కాదు, కడప సీమది. పోరుమామిళ్ళలో విజయనగర బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అనంతరాజసాగర మను చెరువును కట్టించి 1369లో శాసనము వేయించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని యని అందున్నది. దానికంటె మిన్నగ, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువునకు రాదగని ఆరు దోషములను ఆ శాసనము ఏకరువు పెట్టుచున్నది. ధర్మపరుడును ధనవంతుడునగు ప్రభువు, జలశాస్త్రము తెలిసిన విద్వాంసుడు, గట్టి బంకనేల, తియ్యని నీటితో దూరమునుండి వచ్చు ఏరు, కట్టకు ఆనికగ కొండ, మితమైన నిడివియు మిక్కిలి దార్ఢ్యమును గల రాతికట్ట, విశాలమై లోతైన గర్భము, దాపున నిడుపాటి రాళ్ళు దొరకు గని, క్రింద చదునైన సారవంతపు పొలము, పని తెలిసిన కూలిజనము. ఇట్లు సాగును ఆ పట్టిక.

ఇందు ప్రభువు రాజనీతికి, విద్వాంసుడు విద్యకు, బంకనేల భూగర్భశాస్త్రమునకు, ఏరు జలశాస్త్రమునకు, పొలము వ్యవసాయమునకు, కూలిజనము శ్రమకు సంబంధించినవారు, సంబంధించినవి. నేడు వీనిలో ఒక్కొక్కదానికి విశ్వవిద్యాలయములో ఒక్కొక్క భవనమున్నది. ఒక భవనమునుండి మరియొక భవనమునకు పోవు దారిలో గడ్డి మొలచినది. ఈ చమత్కారమును పెద్దలు మన్నింతురుగాక.

దోషములు మరింత ఆలోచింపజేయునవి. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, గర్భమధ్యమున తాబేటి వీపువలె మెరక యుండుట, నీరు స్వల్పమై ఆయకట్టు ఎక్కువగుట, నీరు ఎక్కువై పొలము స్వల్పమగుట. మూడవ దోషమును చూడుడు. రెండు రాజ్యముల నడుమ చెరువు కట్టరాదనుట నేలనుబట్టి చెప్పినది కాదు, మనుష్యులనుబట్టి చెప్పినది. చెరువు చెడుటకు కలహముకూడ చవుడువంటిదే యని ఆరువందల యేండ్లకు పూర్వపు శాసనకర్తకు తెలిసియున్నది.

మొదటి దోషమునుకూడ కొంచెము నిలిచి చూతము. ఊట దోషమని శాసనము. ఇంజనీరుకూడ ఊటను నష్టము క్రిందనే వ్రాసికొనును. కాని భూగర్భజలముల పరిశోధకుని అడిగినచో ఆతడు వేరుమాట చెప్పును. ఓరుగల్లు సీమ నేల చాలవరకు కఠినశిల. ఆ శిలపైన శిథిలమై మెత్తబడిన పొరలోనే నీరు నిలువవలెను. చెరువు గర్భమునుండి మెల్లమెల్లగ ఇంకు నీరే క్రిందనున్న బావులకు ప్రాణము. కట్ట బలహీనమై కారుట వేరు, గర్భములో ఇంకుట వేరు. అయినను నీటిలెక్కల పుస్తకములో రెండును పోయిన నీటి ఖాతాలోనే చేరుచుండెను. ఒకరి నష్టము మరియొకరి లాభమని తెలియవలెనన్నచో ఇద్దరును కలసి ఒకే చెరువు చెంత నిలువవలసినదే.

పూడిక సంగతియు నిట్టిదే. శతాబ్దములుగ అది చెరువునకు రోగమనియే పేరు. కాని ఆ మట్టి ఎక్కడిది? ఎగువ చెల్కలలోని పైపొర వానకు కొట్టుకొనివచ్చి నిలిచినది. ఎఱ్ఱ చెల్కకు నీటిని పట్టి ఉంచు శక్తి తక్కువ. వాన వెనుదీసిన పదినాళ్ళకే మొక్క వాడును. పూడికలోని సన్నని బంకరేణువులు తిరిగి ఆ చెల్కకు చేరినచో తడి ఎక్కువనాళ్ళు నిలుచును. మన పెద్దలు ఎండకాలమున ఎడ్లబండ్లతో చెరువుమట్టి తోలుకొనుట ఇందుకే. ఈ ఆచారమును తూకము వేసి చూచినవారు పటానుచెరువు వద్ద 1972లో వెలసిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ, అనగా ఇక్రిశాట్ వారు. మెదకు జిల్లా చెరువుల పూడికమట్టిలో నత్రజని, భాస్వరము మొదలగు పోషకములు, సేంద్రియ కర్బనము ఎంతెంత యున్నవో కొలిచి, అంత పోషకమును ఎరువుల రూపమున కొనవలెనన్న నెంత ధనమగునో కట్టి, మట్టి తీయు ఖర్చుతో సరిపోల్చి 2003లో వారొక నివేదిక ప్రకటించిరి. మట్టిని తిరిగి పొలమునకు చేర్చుట గిట్టుబాటైన పనియే యని తేలెను. ఇందు భూసారశాస్త్రజ్ఞుని గొట్టమును, అర్థశాస్త్రజ్ఞుని పద్దును ఒకేచోట చేరినవి. ఏ ఒక్కటి వేరుగ నున్నను ఆ ఫలితము వచ్చియుండెడిది కాదు. తరువాత అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయపు విద్యార్థులుకూడ తెలంగాణ పల్లెలకు వచ్చి ఈ చెరువుమట్టి వినియోగమును పరిశీలించిరి.

అయితే ఇక్కడను ఒక చిక్కున్నది. రైతునకు మట్టి కావలెను. లోతుగ తీసినకొలది ఆయనకు సంతోషము. తూము క్రింద వరి పెట్టువానికి నీరు నిలువవలెను. అడుగున నీటిని ఆపు బంకపొరనుకూడ గోకివేసినచో ఆతనికి కష్టము. శిఖములో పుచ్చకాయలు, జొన్నలు వేసికొనువానికి చెరువు నిండుటయే ఇష్టము లేదు. చేపలు పట్టువారికి వేసవిలోకూడ మడుగున కొంత నీరు మిగులవలెను. కల్లుగీచువారికి కట్టమీది చెట్లు కావలెను. కట్ట చెట్ల వేళ్ళతో బెజ్జములు పడునని ఇంజనీరు భయము. చెరువు ఒక్కటియే, దానిని పట్టుకొన్న చేతులు ఎన్నియో. ఏ ప్రయోగశాలయు ఈ చేతులను కొలువజాలదు.

కనుకనే మానవశాస్త్రజ్ఞులు, పురాతత్త్వజ్ఞులు రంగములోనికి వచ్చిరి. వచ్చి మనకు కొంచెము చేదైన మాటలుకూడ చెప్పిరి. కాథలీన్ మారిసన్ బళ్ళారి సీమలోని దరోజి లోయ చెరువులను పరిశోధించి 2009లో గ్రంథము వెలువరించినది. శాసనములు, కట్టల శిథిలములు మాత్రమే కాక, పూడిక పొరలలో చిక్కుకొనియున్న పుప్పొడి రేణువులనుకూడ సూక్ష్మదర్శినితో చదివి, ఎప్పుడు అడవి తగ్గెనో, ఎప్పుడు సాగు పెరిగెనో ఆమె నిర్ణయింప యత్నించెను. విజయనగర చెరువులలో ఎన్నియో పూడిపోయెను, తెగిపోయెను, విడిచిపెట్టబడెను. చెరువు నిరంతర శ్రమను కోరు అస్థిరమైన వస్తువని ఆ పరిశోధన సారము. డేవిడ్ మాస్ తమిళదేశపు చెరువులనుగూర్చి 2003లో వ్రాసిన గ్రంథము మరియొక భ్రమను తొలగించినది. పూర్వము గ్రామస్థులందరును సమానులై చెరువును కాచుకొనెడివారనియు, పరాయి ప్రభుత్వము వచ్చి ఆ స్వర్ణయుగమును చెడగొట్టెననియు మనము వినుచుందుము. నీటి వెనుక ఎప్పుడును అధికారముండెననియు, ఊరిపెద్ద ప్రతిష్ఠయు పేదవాని చాకిరియు కలసియే కట్ట నిలిచెననియు మాస్ చూపెను.

తొర్రూరు సీమవారికి ఈ మాట చెప్పుటకు తమిళదేశమునుండి పండితుడు రానక్కరలేదు. పొరుగుననే పాలకుర్తి, విసునూరు ఉన్నవి. విసునూరు దేశముఖు దౌర్జన్యమును, పాలకుర్తి చాకలి ఐలమ్మ తన భూమికై నిలిచి పోరాడుటను, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరుగుటను ఎరుగనివారు ఆ ప్రాంతమున నుండరు. ఆనాటి పల్లెలలో పలుపనులు వెట్టిచాకిరితోనే సాగెడివి. నీరటివాని సంగతి చూడుడు. తూము తెరచుట, మూయుట, ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో చూచుట, వానరాత్రి కందీలు పట్టుకొని కట్టవెంట తిరుగుట ఆతని పని. సాధారణముగ ఆతడు ఊరవతలి వాడలోనివాడే. కళ్ళమువద్ద కొలిచి ఇచ్చిన గింజలే ఆతని జీతము. ఆతని జ్ఞానమును పొగడుచు ఆతని స్థితిని మరచుట న్యాయము కాదు. 1984లో వంశపారంపర్యపు గ్రామాధికారములు రద్దయినప్పుడు పల్లెలు ఊపిరి పీల్చుకొన్నవి, ఊపిరి పీల్చుకొనదగినదే. కాని చెరువును కాచు పనిని ఆ పాత ఏర్పాటులనుండి తప్పించి గౌరవమైన ఉద్యోగముగ ఎవరును ఏర్పరుపలేదు. నూరెకరముల లోపు ఆయకట్టుగల చెరువులు పంచాయతీల క్రిందను, అంతకు పెద్దవి నీటిపారుదల శాఖ క్రిందను విభజింపబడెను. 1997 చట్టమువలన నీటి వినియోగదారుల సంఘములు వచ్చెను. ఇంతలో రైతు బోరుబావి వైపు తిరిగెను. తన చేనిలో తన బోరు ఉన్నవానికి ఊరుమ్మడి కట్టతో పనియేమి? ఆ బోరునకు నీరందించునదికూడ ఆ చెరువే యన్న సంగతి బోరు ఎండిననాడు గాని తలపునకు రాలేదు. అప్పటికి అప్పు మిగిలెను.

రాష్ట్రము వేరుపడిన పిమ్మట 2015 మార్చి 12న సదాశివనగరులో మిషన్ కాకతీయ ఆరంభమయ్యెను. 46 వేలకు పైబడిన చెరువులను పునరుద్ధరించుట లక్ష్యము. నాలుగు దశలుగ పని జరిగెను. పూడికను ప్రభుత్వము తీయించుట, రైతులు తమ ఖర్చున ట్రాక్టర్లతో తోలుకొనుట అందలి ఏర్పాటు. ఇంత పెద్ద ఎత్తున చెరువులను తలచికొనుట మెచ్చదగినదే. కాని పథకమునకు ఆదియు అంతమును ఉండును. పూడికకు అంతము లేదు. కాకతీయుల పేరు పెట్టుకొన్న పథకములో కాకతీయుల దశబంధమువంటిది లేకపోయినదే యని మా విచారము.

మరియొక క్రొత్త చిక్కుకూడ వచ్చిపడినది. 2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరువది నాలుగు గంటలలో 649.8 మిల్లీమీటర్ల వర్షము నమోదయ్యెను. 2024 సెప్టెంబరు 1 నాటి వానలకు ఈ మహబూబాబాదు జిల్లాలోనే చెరువులు తెగి, కేసముద్రము సమీపమున రైలుపట్టాల క్రింది మట్టి కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడెను. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు మత్తడి దుమికినచో దిగువ చెరువు నిండును, చివరకు ఆ నీరు ఆకేటిలోనికో మరియొక వాగులోనికో చేరును. ఎగువన ఒక కట్ట తెగినచో ఆ వరదను తట్టుకొను శక్తి దిగువ కట్టకు ఉండవలెను. ఇట్టి వానలు మరల మరల వచ్చునట్లయినచో పాత మత్తడుల వెడల్పు చాలునా? ఇది వాతావరణ శాస్త్రజ్ఞుడు, ఇంజనీరు కలసి తేల్చవలసిన లెక్క. మత్తడికి ఎదురుగ వాగులో వెలసిన ఇండ్లను ఏమి చేయవలెననునది వారిద్దరివలన తేలునది కాదు.

వరంగల్లులో 1959లో నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిన ఇంజనీరింగు కళాశాల నేడు జాతీయ సాంకేతిక సంస్థ. 1976 నుండి కాకతీయుల పేరనే ఒక విశ్వవిద్యాలయమున్నది. ఒకచోట నీటిలెక్క తెలిసినవారు, మరియొకచోట చరిత్ర, సమాజము, నేల తెలిసినవారు. రెండింటికిని తొర్రూరు ఒకే బస్సు దూరము. ఏదో ఒక చెరువును, పాకాలవంటి ప్రసిద్ధమైనది కాదు, పేరులేని ఒక నూరెకరముల చెరువును, ఇరువది ఏండ్లపాటు విడువక వ్రాసికొనుచు పోయినచో ఏమగును? ఏటేట ఎంత మట్టి చేరినది, ఎన్ని బావులలో నీరు ఎంత ఎత్తున నిలిచినది, తూము తాళము ఎవరిచేత నున్నది, ఎవరికి నీరందలేదు, తగవులు ఎన్ని వచ్చినవి, కట్టబాగునకు ఎవరెంత ఇచ్చిరి. పోరుమామిళ్ళ శాసనమువలె ఒకే పట్టికలో అన్నియు వ్రాయవలెను. పరిశోధకుడు రెండేండ్లలో పట్టము పుచ్చుకొని పోవును. చెరువు పూడుటకు ఇరువది ఏండ్లు పట్టును. అసలు ఇబ్బంది యిక్కడనే యున్నదని మేము తలంచుచున్నాము.

ఆనాడు కట్ట దిగునపుడు ఆ వృద్ధుడు తూమువద్దకు తీసికొనిపోయి చూపెను. తూముగూటి రాళ్ళలో రెండు కదలియున్నవి. సందులో ఎవరో పాత గోనెసంచిలో మట్టి నింపి కుక్కియుండిరి. ఎవరు పెట్టిరని అడిగితిమి. తానే పెట్టితినని, తన పొలము మాత్రము ఆ తూము క్రింద లేదని చెప్పెను.